పాత దండు పటాన్ని కర్నూలు నేల మీద పరిచి చూడటం ఎలా

పాత మిలటరీ పటం ఒకటి చేతికొచ్చిందనుకోండి, కాగితమైనా స్కానైనా, ఎవరి కన్నైనా ముందు పోయేది అందులోని రంగు దిమ్మెల మీదికే. ఎర్రవి ఎవరివి, నీలంవి ఎవరివి, ఎవరు ఎటు నుంచి వచ్చి ఎవర్ని తరిమారు అని. నేనైతే ఆ దిమ్మెల జోలికి చివర్లో పొమ్మంటాను. యుద్ధాన్ని పటం మీద పెట్టడంలో ముప్పాతిక పని, ఆ రోజు ఆ నేల ఎలా ఉండిందో పట్టుకోవడం. ఏరు ఎక్కడ పారింది, చెరువులో నీళ్లున్నాయా, బండిబాట ఏ మిట్ట మీదుగా పోయింది, నల్లరేగడి తడిసి ఉందా ఎండి ఉందా. ఇవి తేలితే సైన్యాలు ఎక్కడ నిలబడగలవో, ఎక్కడ నిలబడలేవో సగం దానంతటదే తేలిపోతుంది. ఇవేవీ చూడకుండా ఇప్పటి గూగుల్ మ్యాప్ మీద బాణాలు గీస్తే చూడ్డానికి బాగుంటుంది, వీడియో పెడితే లైకులు కూడా వస్తాయి, అంతకు మించి ఏమీ ఉండదు.

మన సీమలో దీనికి సరుకు కొదవ లేదు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి, లక్కిరెడ్డిపల్లె దిక్కున అప్పటి నిజాం ముజఫర్ జంగ్ చనిపోయిన కొట్లాట ఉంది, అదే కొట్లాటలో కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్ కూడా పోయాడు, ఆ వెంటనే ఫ్రెంచి సేనాని బుస్సీ సలాబత్ జంగ్‌ని నిజాం గద్దె ఎక్కించాడు. 1757లో కడప దగ్గర మరాఠాలతో పోరులో కడప నవాబు చనిపోయాడు. 1776లో హైదర్ అలీకి గుత్తి లొంగింది, 1786లో టిప్పుకి ఆదోని చిక్కింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ఇన్ని ఉండగా అందరూ వాటర్‌లూ, పానిపట్టు పటాలే గీస్తుంటారు. వాటిని వందల మంది ఇప్పటికే గీశారప్పా, మన ఊరి వాటిని మనం గీయకపోతే ఎవరు గీస్తారు?

మొదటిసారి చేసేవాళ్లు చిన్న యుద్ధాన్ని తీసుకోండి. ఒక్క రోజులో, ఒక్క చోట అయిపోయింది అయితే మేలు. ముట్టడి నెలల తరబడి సాగుతుంది, మకాం మారుతుంది, మోర్చాలు (ఫిరంగులు, సిపాయిలు కాపుకాసే దిబ్బలు) మారతాయి, ఒక్క పటంలో ఇమడదు. ఈ వ్యాసంలో ఉదాహరణకు 1839 అక్టోబరు 18న కర్నూలు పక్కన జరిగినదాన్ని పట్టుకుని పోతాను. అప్పటికే కోట ఇంగ్లీషువాళ్ల చేతిలోకి వచ్చేసింది. నవాబు గులాం రసూల్ ఖాన్ తన అరబ్బు, రోహిల్లా సిపాయిలతో కోట బయట జోరాపూర్‌లో ఉండగా కర్నల్ డైస్ దళం వాళ్ల మీద పడింది. నవాబు పట్టుబడ్డాడు, కర్నూలు కంపెనీలో కలిసిపోయింది. జోరాపూర్ ఎక్కడా అని వెతుక్కోవాల్సిన పని లేదు, హంద్రీ దాటితే మన జోహరాపురమే. రోజూ వంతెన మీద ఆటోల్లో పోతూ వస్తూ ఉండే వాళ్లలో అక్కడ యుద్ధం జరిగిందని తెలిసినవాళ్లు చాలా తక్కువ.

ఏ పటం దేనికి పనికొస్తుంది

ఇక్కడే చాలామంది గందరగోళపడతారు. పాతదైతే చాలు, యుద్ధం జరిగిన కాలానిదైతే చాలు అనుకుంటారు. కానీ పటం వయసు ఒక్కటే చూస్తే చాలదు, దాని స్కేలు కూడా చూడాలి.

జేమ్స్ రెన్నెల్ 1782లో వేసిన హిందూస్థాన్ పటం, ఆ తర్వాత 1788లో, 1793లో వచ్చిన రూపాలు ఇంటర్నెట్‌లో మంచి రిజల్యూషన్‌లో దొరుకుతాయి. డేవిడ్ రమ్సే కలెక్షన్ సైట్‌లో వెతకండి, ఉచితం. కానీ రెన్నెల్ మన దిక్కు వచ్చి కొలిచినవాడు కాదు. ఆయన కొలిచింది బెంగాల్, మిగతాది సైన్యాలు నడిచిన దారుల లెక్కలు, ప్రయాణికుల రాతలు, ఇతరులు పంపిన స్కెచ్‌లు కూర్చి అతికింది. దారి పక్క ఊళ్లు బాగానే ఉంటాయి, దారికి దూరంగా ఉన్నవి ఊహ మీద పెట్టినట్టు ఉంటాయి. దండు ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయిందో చూడ్డానికి వాడండి, అంతే.

ఆ తర్వాతి పొర మెకంజీది. కాలిన్ మెకంజీ 1783లో మద్రాసు వచ్చిన ఇంజినీరు, నిజాం సీమలో సర్వే చేశాడు, తర్వాత మైసూరు సర్వే, 1815లో దేశం మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన వెనక ఉన్న కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులను మర్చిపోకూడదు, ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించింది వాళ్లూ వాళ్ల మనుషులే. కైఫీయత్తులు పటాలు కావు గానీ పటం గీసేవాడికి పటమంత విలువైనవి. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ పాళెగాడు ఎక్కడ కోట కట్టాడు, ఏ దండు వచ్చినప్పుడు ఏ ఊరు పాడైపోయింది, ఇవన్నీ ఊరి మనిషి నోట వచ్చిన మాటలు. కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది, కడప పోయినప్పుడు ఒక పూట అక్కడ కూర్చోండి.

మూడోది లాంబ్టన్ త్రికోణమితి సర్వే. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైన ఆ కొలత 1811కి గుత్తి చేరింది, అక్కడే ఒక బేస్‌లైన్, అంటే త్రికోణాల లెక్కకు ఆధారమైన తిన్నని గీత, గొలుసుతో కొలిచారు. అప్పటి నుంచి మన కొండల శిఖరాల స్థానాలు నమ్మదగినవి అయ్యాయి. దాని మీద కట్టినవే 1827 నుంచి రావడం మొదలైన ఇండియా అట్లాసు షీట్లు, అంగుళానికి నాలుగు మైళ్లు. ఇవి అందంగా ఉంటాయి, రాగి పలకల మీద చెక్కినవి. కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఆ స్కేలులో అర మిల్లీమీటరు గీత నేల మీద సుమారు 127 మీటర్లు. ఆ కాలపు తుపాకీ గురి పట్టుగా తగిలేది వంద గజాల లోపే. అంటే పటంలో ఏటి గీత మందమే తుపాకీ దూరం కన్నా ఎక్కువ. అలాంటి పటం మీద ఇక్కడ ఫలానా పటాలం నిలబడింది అని చుక్క పెట్టడం కుదరని పని. దీన్ని పెద్ద చిత్రానికి, అంటే బళ్లారి నుంచి కర్నూలుకు దారులు ఎలా ఉండేవి లాంటివాటికి ఉంచుకోండి.

యుద్ధస్థలానికి కావలసింది అంగుళానికి మైలు పటమో, ఇప్పటి సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటో. నంబర్లు గుర్తుపెట్టుకుంటే వెతుకులాట తగ్గుతుంది. పాత నంబరు పద్ధతిలో కర్నూలు టౌను 57 ఐ/1, గుత్తి 57 ఇ/12, గండికోట 57 జె/5. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకు నంబర్లు వేరే, కానీ వాటిని సర్వే ఆఫ్ ఇండియా సైట్ నుంచి లాగిన్ అయి దించుకోవచ్చు. ఇంకా దగ్గరగా కావాలంటే గ్రామ పటం ఉంది, పాతవి మైలుకు పదహారు అంగుళాల లెక్కన ఉంటాయి. దాని కింద ఎఫ్ఎంబీలు, అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్కులు. సర్వే నంబరు వారీగా గట్టు గట్టూ కొలిచి ఉంటుంది. పాత ఎఫ్ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి, వంద లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు. యుద్ధాల పిచ్చి ఉన్నవాళ్లు ఎవరూ సర్వే ఆఫీసు వైపు చూడరు, నాకు తెలిసి అంతకు మించిన నిధి లేదు. బండిబాట పోరంబోకు, వంక పోరంబోకు అన్నవి ఎఫ్ఎంబీలో ఇప్పటికీ పాత వంపుల్లోనే ఉంటాయి, నేల మీద ఎవరో చదును చేసి ప్లాట్లు వేసేసినా సరే.

చేత్తో గీసిన ముట్టడి ప్లాన్లు, మిలటరీ స్కెచ్‌లు కావాలంటే బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్. ఢిల్లీ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంటి నుంచే కేటలాగు వెతకొచ్చు. ఊరి పేరు ఒక్క స్పెల్లింగుతో వెతికి లేదని వదిలేయకండి. కర్నూలు, కడప, గుత్తి ఒక్కోటి నాలుగైదు రకాల ఇంగ్లీషు స్పెల్లింగుల్లో రాసి ఉంటాయి, అన్నీ కొట్టి చూడాలి.

పటం గుర్తులు చదవడం రావాలంటే మాత్రం మన పటాల కన్నా అమెరికా అంతర్యుద్ధం అట్లాసుతో మొదలుపెట్టడం సులువు. అధికారిక రికార్డులకు జతగా 1891 నుంచి 1895 మధ్య విడతలుగా వేశారు, 178 ప్లేట్లు, స్కాన్లు ఉచితంగా ఉన్నాయి. యూనియన్ (ఉత్తరాది) నీలం, కాన్ఫెడరేట్ (దక్షిణాది) ఎరుపు. ఆ రంగులు అలవాటైపోయి ఇంగ్లీషువాళ్ల పటం మీద కూడా అదే లెక్క పెట్టుకుంటే తలకిందులవుతుంది, ప్రతి పటానికీ దాని సూచిక చూసుకోవాల్సిందే.

పటం వయసు పట్టుకోవడం

అంచున అచ్చయిన సంవత్సరాన్ని పూర్తిగా నమ్మొద్దు. రాగి పలక ఖరీదైన సరుకు, ఒకసారి చెక్కాక దశాబ్దాల పాటు దాన్నే వాడుతూ కొత్త రైలుమార్గాలు, రోడ్లు దాని మీదే చేరుస్తూ పోయారు. కాబట్టి పైన ఒక సంవత్సరం, లోపల ఇంకో కాలం ఉంటాయి. మన దిక్కు పటాలకు రెండు గుర్తులు బాగా పనికొస్తాయి. కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ కనిపిస్తే అది 1860లు దాటిన పటం. గుత్తి మీదుగా పోయే మద్రాసు రైలు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది 1871లో, ఆ లైను మొత్తం ఉంటే దాని తర్వాతిదే. ఈ రెండూ లేకుండా కర్నూలు చుట్టుపక్కల పటం దొరికితే జాగ్రత్తగా దాచుకోండి, 1839 నేలకు దగ్గరది అదే.

రేఖాంశాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీనికి తల పట్టుకునేవాళ్లు చాలామంది. 19వ శతాబ్దపు ఇండియా సర్వే పటాల్లో రేఖాంశం మద్రాసు అబ్జర్వేటరీ స్థానం నుంచి లెక్కగట్టారు, ఆ స్థానమే కాస్త తప్పు. దాంతో దేశం మొత్తం సుమారు రెండున్నర నిమిషాలు తూర్పుకు జరిగి ఉంటుంది. మన అక్షాంశంలో అది నాలుగు కిలోమీటర్ల పైమాటే. పటం అంచుల్లోని అంకెలు కొట్టి జియోరెఫరెన్స్ చేస్తే, అంటే పాత పటాన్ని ఇప్పటి భూమి మీది స్థానాలకు అతికిస్తే, మీ కర్నూలు కోట అవతలి ఊళ్లో పోయి కూర్చుంటుంది. ఫ్రెంచి పటాలైతే పారిస్ నుంచి లెక్క, అది ఇంకో తంటా. అంచు అంకెల్ని వదిలేసి నేల మీది గుర్తులతోనే పని చేయడం ఉత్తమం.

కొండల గీతలు కూడా కాలాన్ని బట్టి మారతాయి. లేమన్ అనే జర్మన్ అధికారి 1799లో కొండ వాలు చూపే హాష్యూర్ గీతలకు ఒక లెక్క కట్టాడు, వాలు ఎంత నిటారుగా ఉంటే గీత అంత మందం. అంతకు ముందు పటాల్లో కొండ అంటే పక్క నుంచి చూసిన బొమ్మో, నీడ పూతో. దాని నుంచి ఎత్తు తీయలేం. పాత పటంలో కొండ ఉందా లేదా అన్నంతవరకే నమ్మి, ఎత్తు మాత్రం ఇప్పటి డేటా నుంచి తీసుకోండి.

కంప్యూటర్ మీద పరచడం

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. అందులో జియోరెఫరెన్సర్ తెరిచి పాత పటం స్కాన్ ఎక్కించండి, పక్కన ఉపగ్రహ చిత్రం పెట్టుకోండి. ఇప్పుడు రెండింటిలోనూ ఉన్న, కదలని చోట్లు వెతకాలి. కర్నూలుకైతే కొండారెడ్డి బురుజు, ఎర్ర బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి గుమ్మటాలు, దూరంగా జగన్నాథ గట్టు లాంటి కొండల శిఖరాలు. ఏరు మలుపు, చెరువు కట్ట చివర, ఊరి మధ్య చుక్క, ఇవి పనికిరావు. తుంగభద్రలో హంద్రీ కలిసే చోటు మొదట ఊరిస్తుంది గానీ ఇసుక మేటలు వేసే చోటు ఏ వందేళ్లకూ ఒకేచోట ఉండదు.

లెక్క ప్రకారం మూడు చుక్కలు పెట్టినా పటం అతుక్కుంటుంది. ఎనిమిదికి తక్కువ పెట్టొద్దు, అదీ నాలుగు మూలలకూ పరిచి పెట్టాలి. మొదట పాలినామియల్ 1 అనే మామూలు పద్ధతి పెట్టి చూడండి. ఒక్కో చుక్క దగ్గర ఎంత తేడా వచ్చిందో పట్టికలో చూపిస్తుంది. ఒక్క చుక్కే రెండొందల మీటర్లు తప్పి మిగతావి కుదిరితే, ఆ చుక్క మీరు తప్పు గుర్తుపట్టి ఉండాలి, లేదా ఆనాటి సర్వేయరే ఆ చోటికి పోకుండా రాసి ఉండాలి. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనేది ఇంకో పద్ధతి, అది పటాన్ని రబ్బరు షీటులా లాగి ప్రతి చుక్కనూ సరిగ్గా కూర్చోబెడుతుంది, తప్పు సున్నా అని చూపిస్తుంది. ఆ సున్నా చూసి మురిసిపోకండి, తప్పులన్నీ చుక్కల మధ్య ఖాళీలోకి పోయి దాక్కున్నాయంతే. పాలినామియల్‌తో పటం ఎంత తప్పో తెలుసుకుని, ఆ సంఖ్య పటం కింద రాసిపెట్టి, ఆ తర్వాత కావాలంటే స్ప్లైన్ వాడుకోండి.

మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే గ్రిడ్) జోన్ల గీత 78 డిగ్రీల రేఖాంశం మీద పోతుంది. అంటే ఆదోని, గుత్తి, అనంతపురం 43వ జోన్, కడప, గండికోట 44వ జోన్. కర్నూలు టౌను గీతకు కాస్త తూర్పున, అంచున కూర్చుంది. టౌనుకు పడమర దిక్కు నుంచి వచ్చిన దండు కదలికలు వేస్తుంటే మధ్యలో జోన్ మారిపోతుంది, కాబట్టి ప్రాజెక్టు మొత్తానికి ఒకే జోన్ ముందే ఖాయం చేసుకోండి. 44 పెట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పటివన్నీ తీసేయడం

పటం అతికాక ఉపగ్రహ చిత్రం మీద ఒక్కొక్కటీ చెరిపేస్తూ రండి. నాకు ఈ మొత్తం పనిలో బాగా నచ్చేది ఇదే. కర్నూలు 1839కి: కె.సి. కెనాల్ తీసేయండి. సుంకేసుల బ్యారేజీ తీసేయండి. హైవే, రైలు పట్టాలు, కొత్త బస్టాండు, కాలనీలు, అన్నీ. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 1953 నాటిది, అది లేని తుంగభద్రను ఊహించుకోవాలి. అక్టోబరులో ఆనకట్ట లేని తుంగభద్ర, వానలు బాగా పడిన సంవత్సరమైతే, ఎలా ఉంటుందో 2009 అక్టోబరులో ఊళ్లో ఉన్నవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు, డ్యాములు ఉండి కూడా టౌనంతా మునిగింది. పాత కోట తుంగభద్రకూ హంద్రీకీ మధ్య మూలలో ఉంది. జోహరాపురం హంద్రీకి అవతల. కాబట్టి 1839 అక్టోబరు 18న కోట వైపు నుంచి జోహరాపురం పోవాలంటే మొదటి ప్రశ్న సిపాయిలు ఎంతమంది అన్నది కాదు, ఆ రోజు హంద్రీ దాటగలిగే రేవు ఎక్కడ, అందులో ఫిరంగి బండ్లు దిగగలవా అన్నది. వంతెన లేని హంద్రీ గట్టు మీద నిలబడి చూస్తే ఎక్కడ ఒడ్డు వాలుగా ఉందో, ఎక్కడ నిలువుగా తెగి ఉందో మీకే కనిపిస్తుంది. ఎఫ్ఎంబీలో బండిబాట ఏటిలోకి దిగిన చోటు వెతకండి, మామూలుగా రేవు అక్కడే ఉంటుంది.

కృష్ణ వైపు పోతే శ్రీశైలం జలాశయం నీళ్లు పాత దారులను, ఊళ్లను మింగేశాయి. సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడినట్టు కొన్ని చోట్లు నీళ్లు తగ్గినప్పుడు మాత్రమే కనిపిస్తాయి, అప్పటి ఉపగ్రహ చిత్రం తీసుకుంటే పాత బాటల జాడలు దొరుకుతాయి. గండికోట దగ్గర కూడా పెన్నకు ఇప్పుడు జలాశయం వచ్చింది, 1650 ప్రాంతంలో మీర్ జుమ్లా దండు చూసిన ఏరు వేరు.

చెట్ల విషయం ఎవరూ పట్టించుకోరు. సర్కారు తుమ్మ ఇప్పుడు సీమలో ఏ బీడు చూసినా కమ్ముకుని ఉంటుంది, యుద్ధస్థలానికి పోయి ఇక్కడి నుంచి ఏమీ కనిపించడం లేదే అనుకుంటారు. ఆ చెట్టు మన దేశానికి వచ్చిందే 1870ల్లో, మొదట్లో నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. 1839లో గానీ 1776లో గానీ ఆ కంప లేదు. మీ కళ్లకు అడ్డొచ్చింది ఆనాటి సిపాయికి అడ్డం కాలేదు. అందుకే చూపు లెక్క కంప్యూటర్‌లో వేయాలి. నాసా ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది, సుమారు 30 మీటర్ల గడి. క్యూజీఐఎస్‌లో వ్యూషెడ్ కొట్టి ఒక బురుజు మీద మనిషి కన్ను పెడితే ఎంత నేల కనిపిస్తుందో రంగు వేసి చూపిస్తుంది. దిన్నెలు, చిన్న వంకల్లాంటివి ఆ గడిలో పట్టవు, వాటికి మీ కాళ్లే దిక్కు.

ఒక్కోసారి అన్నిటికన్నా నీళ్లే ముఖ్యమవుతాయి. గుత్తి కోట చూసినవాళ్లకు తెలుసు, ఆ కొండను ఎక్కి గెలవడం ఎవరివల్లా కాదు. హైదర్ కూడా ఎక్కలేదు, చుట్టూ కూర్చున్నాడు. కోటను ఏలే మరాఠా నాయకుడు మురారి రావు లొంగింది పైన నీళ్లు అయిపోయాయి కాబట్టి. ఇప్పుడు ఆ ముట్టడికి పటం గీసేవాడు ఏం గీయాలి? కింద మోర్చాల బాణాలు నాలుగు గీస్తే అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి అందులో లేదు. కోట లోపలి బావులు, కోనేర్లు, బండల మధ్య వాననీళ్లు నిలిచే గుంటలు ఒక్కొక్కటీ జీపీఎస్‌తో గుర్తించి, ఏది ఏ ఎత్తులో ఉంది, ఏది ఏ ప్రాకారం లోపల ఉంది, కింది వరస పోతే పైవాళ్లకు ఎన్ని మిగులుతాయి అని చూపిస్తే అదీ గుత్తి ముట్టడి పటం.

రాతలను నేల మీదికి దించడం

ఇప్పుడు రాతపూర్వక సాక్ష్యాలు. యుద్ధం అయిన రాత్రి సేనాని పైవాళ్లకు రాసిన డిస్పాచ్ (నివేదిక) ఉంటే దానికి మొదటి పీట, పాతికేళ్ల తర్వాత రాసిన జ్ఞాపకాలకు చివరి పీట. దాదాపు అన్నీ గెలిచినవాడు రాసినవే ఉంటాయి, అవతలివాళ్ల సంఖ్య ఎప్పుడూ పెంచే ఉంటుంది. కానీ నేల గురించి అబద్ధం చెప్పాల్సిన అవసరం వాళ్లకు తక్కువ. వంక అడ్డొచ్చింది, ఎడమన తోట ఉంది, ఊరి గోడ వెనక నుంచి కాల్చారు లాంటి ముక్కలు వేరే కాగితం మీద రాసుకుని, ఒక్కోదాన్ని పటంలో వెతకండి.

తేదీలతో జాగ్రత్త. 1752 సెప్టెంబరు దాకా ఇంగ్లీషువాళ్లు పాత క్యాలెండరు వాడారు, ఫ్రెంచివాళ్లు కొత్తది. తేడా పదకొండు రోజులు. రాయచోటి కొట్లాట సరిగ్గా ఆ కాలంలోది. ఫ్రెంచి లెక్కకూ ఇంగ్లీషు లెక్కకూ పదకొండు రోజులు తేడా వస్తే రెండు యుద్ధాలు అనుకోకండి. పైగా స్థానిక కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటుంది, దానికి 590 కలిపితే మన సంవత్సరం దగ్గరికి వస్తుంది.

దూరాలు మైళ్లలో ఉంటే సరే, క్రోసుల్లో ఉంటే ఒక్కో సీమలో ఒక్కో పొడవు. కైఫీయత్తులో ఆమడ అని ఉంటే నాలుగు క్రోసులు. తెలిసిన రెండు ఊళ్ల మధ్య అదే రచయిత ఎన్ని క్రోసులు రాశాడో చూసి, దాన్ని బట్టి ఆయన క్రోసు పొడవు తేల్చుకోండి. దారి పొడవు వేరు, గాలిలో దూరం వేరు. ఆ రోజుల్లో చక్రం దొర్లిస్తూ కొలిచారు, అది తిరిగిన ప్రతి వంపునూ లెక్కపెట్టింది.

ఇంత చేశాక అప్పుడు దిమ్మెలు పెట్టండి. నేను మూడు రకాలుగా పెడతాను: రాతలోనూ నేల మీదా కుదిరినవి నిండు గీత, రాతలో మాత్రమే ఉన్నవి తెగిన గీత, నా ఊహ అయితే బోలు దిమ్మె, పక్కన ప్రశ్న గుర్తు. జోహరాపురం పటంలో బోలు దిమ్మెలు చాలానే వస్తాయి, రావడమే మంచిది. అన్నీ నిండుగా నింపేసిన పటం కనిపిస్తే నాకైతే మొదట అనుమానమే వస్తుంది.

చివరగా నేల మీదికి పోయి చూడాలి. యుద్ధం జరిగిన నెలలోనే, జరిగిన వేళకే పోతే ఎండ ఏ వైపు నుంచి కళ్లలో కొడుతుందో తెలుస్తుంది, రేగడి కాళ్లకు ఎలా అంటుకుంటుందో తెలుస్తుంది. ఒక్కసారి వాన పడిన రేగడిలో నడిచి చూస్తే, దండుకు రోజుకు పది పన్నెండు మైళ్లు ఎందుకు గొప్పో అర్థమవుతుంది. చేన్లో పెద్దవాళ్లు కనిపిస్తే యుద్ధం గురించి అడగొద్దు, సినిమా కథ చెబుతారు. "పెద్దాయనా, ఈ చేన్ని ఏమంటారు? ఆ మిట్టకు పేరుందా? పాత బాట ఎటు పోయేది?" ఇలా అడగండి. దండు, మోర్చా, లష్కరు లాంటి మాట చేని పేరులో దొర్లితే సర్వే నంబరు రాసుకోండి. పేరు ఒక్కటే సాక్ష్యం కాదు, ఎప్పుడో దిగిన వేరే దండుది కూడా అయి ఉండొచ్చు.

కోటల్లో ఏమీ తవ్వొద్దు. గుత్తి, గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగితే కేసు అవుతుంది. ఫిరంగి గుండు కనిపించినా ఫొటో తీసి, జీపీఎస్ చుక్క పెట్టుకుని, అక్కడే వదిలి రండి. దాని చోటు నుంచి తీసేశాక అది ఉత్త ఇనుప ముద్ద.

అసలు కాగితం కొనాలనుకుంటే

కొందరికి స్కాన్‌తో ఆశ తీరదు, అర్థం చేసుకోగలను. కొనేముందు పదింతలు పెద్దగా చూపే భూతద్దం తీసుకుపోండి. చిన్న చిన్న రంగు చుక్కలు వరసగా కనిపిస్తే అది ఈ కాలపు ముద్రణ, ఎంత పాతగా మరక పెట్టినా సరే. రాగి పలక ముద్రణ అయితే గీత కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, పటం చుట్టూ పలక అంచు నొక్కుకున్న గాడి ఉంటుంది. కత్తిరించేసి ఉంటే గాడి కనిపించదు, ధర అక్కడ తగ్గించమని అడగొచ్చు. ఆకుపచ్చ రంగు వేసిన చోట కాగితాన్ని తిప్పి వెనక చూడండి. పాత ఆకుపచ్చలో రాగి ఉంటుంది, అది ఏళ్ల తరబడి కాగితాన్ని తిని వెనక గోధుమరంగు గీతగా బయటపడుతుంది. దాన్ని నకలు చేయడం కష్టం. నున్నగా, గీతలు లేని కాగితం 1750ల తర్వాత వచ్చినదే, కాబట్టి అలాంటి కాగితం మీద 1700 నాటి పటం అని చెబితే నవ్వి లేచి రండి.

ఈ మధ్య అట్లాసులను విడదీసి షీట్లుగా అమ్మే వ్యాపారం ఎక్కువైంది. విడి షీటు చవక, కానీ సూచిక పేజీ, మెమోయిర్ (పటానికి జతగా వచ్చే వివరణ పుస్తకం) దాంతో రావు, ఏ రంగు ఎవరిదో చెప్పేది అందులోనే ఉంటుంది. వందేళ్లు దాటిన వస్తువులకు, 75 ఏళ్లు దాటిన చారిత్రక విలువ ఉన్న రాతప్రతులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, దేశం దాటించడానికి మామూలు మనిషికి దారి లేదు, అమ్మేవాడికి లైసెన్సు ఉందా అని అడగండి.

ఇంటికి తెచ్చాక లామినేషన్ మాత్రం చేయించకండి, సెల్లోటేపు కూడా వేయకండి. ఆమ్లం లేని కవరులో, చుట్టకుండా పరిచి, చల్లగా ఉండే గదిలో పెట్టండి. కర్నూలు మేలో చల్లని గది ఎక్కడిది అంటారా, ఇంట్లో కింది గదిలో, బయటి గోడకు ఆనని బీరువా అరలో పెట్టి నెలకోసారి కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగుల కోసం చూసుకోండి.